ఏసీ మార్చాం, ఫ్యాన్లు మార్చాం, దీపాలు మార్చాం: యూనిట్లు మాత్రం ఎందుకు తగ్గలేదు?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో మూడు పడకగదుల ఫ్లాటు. ఇంట్లో మీ దంపతులు, ఇంటర్ చదివే అబ్బాయి, మీ అమ్మగారు. గత ఏడాది మే నెలలో 412 యూనిట్లు కాలాయి. ఆ తర్వాత పదేళ్ల నాటి ఒకటిన్నర టన్నుల ఏసీ తీసేసి 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ పెట్టించారు. మూడు ఫ్యాన్లూ బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారువి) వేయించారు. హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించి ఇల్లంతా ఎల్‌ఈడీలు పెట్టించారు. కొత్త ఫ్రిజ్ కొన్నారు. తీరా చూస్తే ఈ ఏడాది మేలో 405 యూనిట్లు. అంత డబ్బు పోస్తే తగ్గింది ఏడు యూనిట్లు. స్టార్ల లెక్క అబద్ధమా, దుకాణంవాళ్లు మోసం చేశారా, మీటరు తప్పు తిరుగుతోందా అని అడిగారు.

మూడింటిలో ఏదీ కాదని నా అభిప్రాయం. మీరు మీ ప్రశ్నలోనే జవాబు కూడా రాశారు, మీకు తెలియకుండానే. వాట్లు, గంటలు అన్నీ వివరంగా ఇచ్చారు కాబట్టి (ఇంత వివరంగా ఎవరూ ఇవ్వరు, అందుకు కృతజ్ఞతలు) కూర్చుని లెక్క వేశాను. నేను విద్యుత్ పంపిణీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి, తొమ్మిదేళ్లుగా అపార్టుమెంట్లలో ఎనర్జీ ఆడిట్లు (కరెంటు ఎక్కడ ఎంత పోతోందో లెక్కతీసే తనిఖీలు) చేస్తున్నాను. మీలాంటి బిల్లులు నా దగ్గరికి వారానికి ఒకటైనా వస్తాయి.

ముందు ఏసీ చూద్దాం. పాత ఏసీ గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు తాగేది. బిల్లు భయంతో మీరు రాత్రి పదికి వేసి, ఒంటిగంటకు ఆగేలా టైమర్ పెట్టేవారు. మూడు గంటలు, నాలుగున్నర యూనిట్లు, నెలకు 135. కొత్తది గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుంటుంది కాబట్టి రాత్రి మొత్తం మీద సగటున గంటకు 0.7 యూనిట్లు వేసుకోవచ్చు. అవే మూడు గంటలు వాడి ఉంటే నెలకు 63 యూనిట్లతో సరిపోయేది. అంటే 72 యూనిట్ల ఆదా. దుకాణంలో మీకు చెప్పింది ఈ లెక్కే, అందులో అబద్ధం లేదు. కానీ ఇప్పుడు మీ ఏసీ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నడుస్తోందని మీరే రాశారు. ఎనిమిది గంటలు, రోజుకు 5.6 యూనిట్లు, నెలకు 168. యంత్రం సగం కంటే తక్కువ కరెంటుతో పనిచేస్తున్నా, ఏసీ ఖాతాలో 33 యూనిట్లు పెరిగాయి.

ఫ్యాన్ల సంగతి పూర్తిగా వేరు. మూడు పాత ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్లు, రోజుకు సగటున పద్నాలుగు గంటలు: నెలకు 95 యూనిట్లు. కొత్తవి 30 వాట్లు, అవే పద్నాలుగు గంటలు: 38 యూనిట్లు. 57 యూనిట్లు నికరంగా మిగిలాయి. దీపాల మీద 45 నుంచి 37కు వచ్చారు, ఎనిమిది యూనిట్లే మిగిలాయి. ఎందుకో కింద చెబుతాను. కొత్త ఫ్రిజ్ నెలకు 25 యూనిట్ల లోపే తీసుకుంటుంది. పాతది 60 తీసుకునేది. కానీ పాతది బయటికి పోలేదు, బాల్కనీలోకి పోయింది. కాబట్టి ఫ్రిజ్‌ల ఖాతా 60 నుంచి 85కు చేరింది.

ఇప్పుడు కలపండి. 412లోంచి ఫ్యాన్ల 57, దీపాల 8 తీసేయండి. ఏసీ 33, ఫ్రిజ్‌ల 25 కలపండి. సరిగ్గా 405. మీటరు నిజమే చెబుతోంది. అలవాట్లు ఏమీ మారకుండా ఉంటే ఏసీ 72, ఫ్యాన్లు 57, ఫ్రిజ్ 35, దీపాలు 30 కలిపి మీకు 194 యూనిట్లు మిగలాల్సింది. మిగిలింది ఏడు.

దీన్నే ఆర్థికశాస్త్రంలో రీబౌండ్ ఎఫెక్ట్ అంటారు. గోడకు కొట్టిన బంతి కొంత దూరం వెనక్కి వచ్చినట్టు, పొదుపు చేసే యంత్రం మిగిల్చిన దాంట్లో కొంత మళ్లీ వాడకంలోకే వచ్చేస్తుంది. ఎందుకు వస్తుందో మీ ఏసీతోనే చెప్పవచ్చు. మీరు 200 యూనిట్లు దాటే ఇంటివారు, 200 పైన మొదటి వంద యూనిట్లకు ధర యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. ఆ ధరలో పాత ఏసీతో ఒక గంట చల్లదనం దాదాపు పదకొండున్నర రూపాయలు. కొత్తదానితో అయిదున్నర కూడా లేదు. మీరు కొన్నది ఏసీ అనుకుంటున్నారు, కానీ మీ ఇంట్లో జరిగింది చల్లదనం ధర సగానికి పడిపోవడం. మామిడిపళ్ల ధర సగానికి పడితే ఇంటికి రెండు డజన్లు ఎక్కువ వస్తాయి కదా. ఇదీ అంతే.

కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు ఇది. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త బొగ్గు గురించి ఇదే రాశాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పాత యంత్రాల కంటే చాలా తక్కువ బొగ్గుతో పనిచేసేది. దాంతో బొగ్గు మిగలాల్సింది పోయి, ఆవిరితో పని చేయించుకోవడం చౌకయి కొత్త కొత్త పరిశ్రమలన్నీ ఆ యంత్రాన్నే పెట్టుకున్నాయి, దేశం మొత్తం మీద బొగ్గు వాడకం పెరిగింది. ఇళ్లలోని ఉపకరణాల విషయంలో ఈ ప్రశ్నను 1980లో డేనియల్ ఖజ్జూమ్ మళ్లీ లేవనెత్తాడు. అప్పటినుంచి దీని మీద పెద్ద వాదమే నడుస్తోంది.

ఆ వాదంలో నాకు బాగా పనికొచ్చింది మెక్సికో అనుభవం. అక్కడి ప్రభుత్వం 2009 నుంచి 2012 వరకు 19 లక్షల ఇళ్లలో పాత ఫ్రిజ్‌లు, ఏసీలు మార్పించింది. తర్వాత లూకస్ డేవిస్, అలన్ ఫ్యూక్స్, పాల్ గెర్ట్లర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దేశంలోని గృహ విద్యుత్ బిల్లులన్నీ తీసుకుని లెక్క కట్టారు. ఫ్రిజ్ మార్చిన ఇళ్లలో వాడకం 8 శాతం తగ్గింది. ముందు అంచనా వేసినదాంట్లో అది నాలుగో వంతు మాత్రమే. ఏసీ మార్చిన ఇళ్లలో తగ్గకపోగా పెరిగింది. ఆ ఫలితం నేను మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపడలేదు, మన అపార్టుమెంట్లలో చూస్తున్నదే కాబట్టి. ఫ్రిజ్‌ల ఆదా అంతగా పడిపోవడానికి కారణాలు కూడా తెలిసినవే. జనం పాతదాని కంటే పెద్దది, హంగులు ఎక్కువ ఉన్నది కొన్నారు. తీసేసిన పాతవి కూడా అధికారులు అనుకున్నంత పాతవి కావు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఉదాహరణ ఒకటుంది. 1997లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో బర్న్ అనే చిన్న ఊళ్లో ఇళ్లకు నీళ్లు, కరెంటు తక్కువ తీసుకునే వాషింగ్ మెషీన్లు ఉచితంగా ఇచ్చి చూశారు. బట్టలు ఉతకడం పెరిగింది 5.6 శాతమే. ఖర్చు తగ్గింది కదా అని ఉతికిన చొక్కాను ఎవరూ మళ్లీ ఉతకరు కాబట్టి.

ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టుకుంటే మీ ఇంట్లో జరిగింది అర్థమవుతుంది. నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే: మీరు ఏ అవసరాన్ని ఇన్నాళ్లూ బిగబట్టుకుని ఉన్నారో అక్కడే బంతి గట్టిగా వెనక్కి వస్తుంది. ఏ అవసరం ఇదివరకే పూర్తిగా తీరుతోందో అక్కడ రాదు. ఫ్యాన్‌ను మీరు బిల్లుకు భయపడి ఎప్పుడూ ఆపలేదు. మనిషి గదిలో ఉంటే తిరిగేది, ఇప్పుడూ అంతే తిరుగుతోంది. అందుకే ఆ 57 యూనిట్లు అలాగే చేతికొచ్చాయి. ఫ్రిజ్ ఎప్పుడూ ఇరవై నాలుగు గంటలూ నడిచేదే, పొదుపైనదని ఇరవై అయిదో గంట నడపలేరు. ఏసీ మాత్రం మీ ఇంట్లో కొలిచి వాడిన వస్తువు. ఒంటిగంటకు అది ఆగిపోయాక మిగిలిన రాత్రంతా ఉక్కలో గడిపేవారు. ఆ అవసరం పదేళ్లుగా ఎదురుచూస్తూ ఉంది. ధర తగ్గగానే బయటపడింది.

అందుకే ఎవరైనా ఇంట్లో మొదట ఏం మార్చాలని అడిగితే ఫ్యాన్లే అంటాను. చూడడానికి చిన్న వస్తువు, దుకాణంలో దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. కానీ దాని ఆదా ఎటూ పారిపోదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రీబౌండ్ గురించి సగం విని, "చూశారా, పొదుపు ఉపకరణాలన్నీ దండగ, చివరికి వాడకం పెరుగుతుంది" అని తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. అది తప్పు. ధనిక దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి బ్రిటన్‌లో 2007లో స్టీవ్ సోరెల్ బృందం చేసిన సమీక్షలో, ఇళ్లలో నేరుగా వెనక్కి పోయేది సాధారణంగా 30 శాతం లోపేనని తేలింది. అంటే నూటికి డెబ్బై మిగులుతోంది. అక్కడ ఇళ్లు ఇదివరకే వెచ్చగానో చల్లగానో ఉన్నాయి కాబట్టి అంత తక్కువ. మన దగ్గర ఎక్కువే ఉంటుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశానికి ఒక కూలింగ్ ప్రణాళిక విడుదల చేసినప్పుడు, ఏసీ ఉన్న ఇళ్లు దేశం మొత్తం మీద 8 శాతం దగ్గరే ఉన్నాయి. ఇన్నాళ్లూ చల్లదనం అందని ఇంట్లోకి అది మొదటిసారి వస్తుంటే దాన్ని వృథా అని ఎలా అంటాం?

మా నాన్నగారికి ఎనభై రెండేళ్లు. మా ఇంట్లో కూడా టైమర్ ఒంటిగంటకే ఉండేది. మే నెలలో ఒక రాత్రి రెండున్నరకు మంచినీళ్లకని లేచాను. ఆయన తువ్వాలు తడిపి ఛాతీ మీద పరుచుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఏమిటి నాన్నా అంటే "ఏం లేదురా, నిద్ర పట్టలేదు, నువ్వు పడుకో" అన్నారు. తువ్వాలు చివర నుంచి నీళ్లు కారి కుర్చీ కింద చిన్న మడుగు కట్టింది. అంటే అలా కూర్చుని చాలాసేపయిందన్నమాట. ఎన్ని రాత్రులుగా అలా గడుపుతున్నారో నాకు తెలియదు. నేను ఊరందరికీ కరెంటు లెక్కలు చెప్పేవాణ్ణి. మరుసటి నెల ఏసీ మార్చాం, టైమర్ తీసేశాం. ఇప్పుడు ఆయన అయిదున్నర దాకా నిద్రపోతారు. మా ఇంట్లో కూడా యూనిట్లు పెరిగాయి. ఆ యూనిట్లను నష్టం పద్దులో రాయడానికి నాకు మనసు రాదు.

మీ అమ్మగారు కూడా ఆ గదిలోనే పడుకుంటున్నారని రాశారు. కాబట్టి మీ ఏసీ అదనంగా నడిచే అయిదు గంటలు, నెలకు 105 యూనిట్లు, వాటి జోలికి పోవద్దు. మీ డబ్బు వృథా కాలేదు. దానితో మీ ఇంట్లో నలుగురికి నెల రోజుల నిద్ర వచ్చింది. బిల్లులో కనిపించకపోయినా అది లాభమే.

కానీ మీ 405లో ఎవరి నిద్రకూ, ఎవరి సుఖానికీ పనికిరాని యూనిట్లు కూడా చాలానే ఉన్నాయి. నేను పట్టుకునేది వాటినే.

బాల్కనీ ఫ్రిజ్‌తో మొదలుపెడదాం. ఆడిట్‌కు వెళ్లిన ప్రతి మూడు నాలుగు ఇళ్లలో ఒకచోట ఇది కనిపిస్తుంది. మొన్నామధ్య ఒక ఇంట్లో నేను తలుపు తీసి చూసింది చెబుతాను: రెండు నీళ్ల సీసాలు, సగం కోసిన నిమ్మకాయ, మూత పెట్టిన దోసె పిండి గిన్నె, తడి గుడ్డలో చుట్టిన పూలు. అంతే. పడమటి ఎండ నేరుగా ఫ్రిజ్ వీపు మీద పడుతోంది. తలుపు రబ్బరు ఒక మూల ఊడిపోయి, వేలు దూరేంత సందు ఉంది. కంప్రెసర్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ప్లగ్గుకు పెట్టే చిన్న వాట్ మీటరు తగిలించి మరుసటి రోజు వచ్చి చూస్తే ఇరవై నాలుగు గంటల్లో రెండు యూనిట్ల పైన తాగింది. ఆ ఇంటివాళ్లు కొత్త ఫ్రిజ్ కొన్నదే కరెంటు మిగుల్చుకుందామని! ఎక్స్ఛేంజ్‌లో వెయ్యో రెండు వేలో ఇస్తామంటే, "బాగానే ఉంది కదా, ఎందుకు పోగొట్టుకోవాలి" అని ఉంచుకున్నారు. పాడవని వస్తువును పారేయలేకపోవడం మనవాళ్ల గుణం, నాకు ఆ గుణం అంటే గౌరవమే. కానీ ఈ వస్తువు ఊరికే ఉండదు, రోజూ తింటూ ఉంటుంది.

అది ఎంత తింటోందో తెలియాలంటే మీ బిల్లు స్లాబులు చూడాలి. తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి (వంద దాటితే) మొదటి వందకు యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి వందకు 4 రూపాయల 80 పైసలు. సరిగ్గా 200 వాడితే విద్యుత్ ఛార్జీ 820 రూపాయలు. అదే 201 అయితే మీరు వేరే వర్గంలోకి పోతారు. మొదటి 200 యూనిట్లకే 5 రూపాయల 10 పైసల చొప్పున వేస్తారు, ఆ పై యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ తేడాకు 207 రూపాయల పైన! ఈ మెట్టు మీద కాలుజారే ఇళ్లు నగరంలో లెక్కలేనన్ని.

మీ ఇంట్లో ఏసీ వాడని నెలల్లో, గీజరు కూడా పెద్దగా లేని నెలల్లో, వాడకం 237 యూనిట్ల దగ్గర ఉండాలి. విద్యుత్ ఛార్జీ దాదాపు 1,305 రూపాయలు. బాల్కనీ ఫ్రిజ్ తీసేస్తే 177 యూనిట్లు, 710 రూపాయలు. అరవై యూనిట్లకు 595 రూపాయలు. అలాంటి నిమ్మకాయ ముక్కకు, నీళ్ల సీసాలకు మీరు యూనిట్‌కు పది రూపాయల చొప్పున కడుతున్నారు. (నేను చెప్పేవన్నీ విద్యుత్ ఛార్జీలే. స్థిర ఛార్జీ, సుంకం వీటికి అదనం. స్లాబు ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి మీ తాజా బిల్లుతో సరిచూసుకోండి.)

ఇది చదివే ఆంధ్రప్రదేశ్ వాసులకు ఒక మాట: మీ దగ్గర 2022 ఏప్రిల్ నుంచి గృహాలన్నిటికీ ఒకే వరుస స్లాబులు వచ్చాయి కాబట్టి ఇంత నిటారైన మెట్టు ఉండదు. కానీ ఆ టారిఫ్‌లో 225 దాటాక యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు పడుతుంది. పాత ఫ్రిజ్ తినే యూనిట్లు ఎప్పుడూ మీ పై స్లాబులోవే అని గుర్తుంచుకుంటే చాలు.

ఇక దీపాలు. మీ హాల్లో ఇదివరకు ఒకే ట్యూబ్‌లైటు ఉండేది, చోక్‌తో కలిపి 50 వాట్లు. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్‌లో పన్నెండు వాట్ల దీపాలు పన్నెండు, అంచు చుట్టూ వెలుగు పట్టీ ఒకటి. అన్నీ కలిపితే 180 వాట్ల పైచిలుకు, అన్నీ ఒకే స్విచ్ మీద. సాయంత్రం ఒక్కరు కూర్చుని పేపరు చదువుకోవాలన్నా హాలంతా పెళ్లిపందిరిలా వెలుగుతుంది. రోజుకు అయిదు గంటలంటే నెలకు 27 యూనిట్లు ఆ ఒక్క గదికే. మిగతా గదులన్నీ కలిసి పదే.

దీపాల చరిత్రలో ఇది మొదటినుంచీ జరుగుతున్నదే. బ్రిటన్‌లో 1800 నుంచి 2000 వరకు వెలుగు ధర, వాడకం ఎలా మారాయో రోజర్ ఫూకే, పీటర్ పియర్సన్ అనే ఇద్దరు లెక్క కట్టారు. ధర మూడు వేలో వంతుకు పడిపోయింది, తలసరి వాడకం ఆరున్నర వేల రెట్లు పెరిగింది. అందులో జనం ఆదాయాలు పెరగడం వల్ల వచ్చింది కూడా చాలా ఉంది, అంతా రీబౌండ్ ఖాతాలో వేయకూడదు. మన దేశంలో 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. ప్రభుత్వ సంస్థ టోకున కొనే ధర కొద్దేళ్లలోనే 310 రూపాయల నుంచి 38 రూపాయలకు దిగింది. అరవై వాట్ల బల్బు స్థానంలో తొమ్మిది వాట్లది వచ్చింది. ఒకే బల్బుతో నెట్టుకొచ్చిన ఇంట్లో వంటగదికి, వాకిలికి రెండో, మూడో దీపం పెట్టుకున్నారంటే ఆ ఇంటి పిల్ల చదువుకుంటోందని, రాత్రి మెట్లమీద ఎవరూ తడబడటం లేదని అర్థం. అలాంటి రీబౌండ్ ఎంతైనా రావాలనే కోరుకుంటాను. మీ హాల్లోని పన్నెండు దీపాలు ఆ జాబితాలోకి రావు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరింగ్‌ను మూడు స్విచ్‌ల కింద విడగొట్టించండి. రోజువారీకి నాలుగు దీపాలు, చుట్టాలు వస్తే మిగతావి, పండగకు పట్టీ. ఒక పూట పని. నెలకు 17 యూనిట్లు మిగులుతాయి.

చివరిగా మళ్లీ ఏసీ. గంటలు తగ్గించవద్దన్నాను, ఉష్ణోగ్రత మాత్రం మార్చండి. మీరు 24 మీద ఉంచుతున్నారు. 2020 నుంచి అమ్మే ఏసీలన్నీ వేయగానే 24 చూపించాలని నిబంధన ఉంది, దాన్నే చాలామంది "ఇంతే ఉంచాలి కాబోలు" అనుకుంటున్నారు. అది మొదలు మాత్రమే. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (ఉపకరణాలకు స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ) చెబుతుంది, నా కొలతల్లోనూ కాస్త అటూఇటూగా అంతే వచ్చింది. 27 మీద పెట్టి, కొత్త ఫ్యాన్ రెండో వేగంలో తిప్పండి. మీ అమ్మగారికి తెల్లవారుజామున దుప్పటి లాక్కునే పని కూడా తప్పుతుంది. 168లో ముప్ఫై యూనిట్లు పోతాయి.

ఇప్పుడు మే నెల మళ్లీ లెక్క వేయండి. 405లోంచి ఫ్రిజ్ 60, హాలు 17, ఏసీ 30 తీసేస్తే 298. విద్యుత్ ఛార్జీ 2,737 రూపాయల నుంచి 1,775కు వస్తుంది. ఎనిమిది గంటల నిద్రలో ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

స్టార్ల మీద అనుమానం వచ్చిందన్నారు కాబట్టి అదీ తేల్చేద్దాం. ఏసీ మీద అంటించే లేబులులో ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాస్తారు చూశారా, అది ఏడాదికి 1,600 గంటలు నడుపుతారన్న లెక్క మీద వేసినది. ఇంటి వాడకం అంతకంటే ఎక్కువైతే యూనిట్లూ ఎక్కువే. లేబులు యంత్రం గురించి నిజం చెబుతుంది. ఆ యంత్రాన్ని మనం ఎన్ని గంటలు నడుపుతామో దానికి తెలియదు.

ఇంకో జాగ్రత్త. బిల్లు తగ్గని ప్రతిచోటా రీబౌండ్ అనుకోకండి. గత మేలో బిల్లు ఎన్ని రోజులకు తీశారు, ఈ మేలో ఎన్ని రోజులకు? 28 రోజులకు, 33 రోజులకు మధ్య తేడా మీ పొదుపునంతా మింగేయగలదు. రూపాయలను పోల్చకండి, యూనిట్లను పోల్చండి. రూపాయల్లో ఇంధన సర్దుబాటు ఛార్జీ లాంటివి వచ్చి చేరుతుంటాయి. ఏసీ ఫిల్టర్ నెలకోసారి కడుగుతున్నారా? గ్యాస్ తగ్గిందా? తలుపు కింద సందు ఉందా? పై అంతస్తు అయితే శ్లాబు రాత్రంతా వేడి కక్కుతూ ఉంటుంది. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయిస్తే అసలు అవసరమే తగ్గుతుంది, కరెంటు పోయినప్పుడు కూడా అది పనిచేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. మీది మధ్య అంతస్తు కాబట్టి మీకు అక్కర్లేదు, మీ పైవాళ్లకు చెప్పండి.

డాబా మీద సోలార్ పెట్టించుకుంటే ఎలా ఉంటుందనీ అడిగారు. పెట్టించుకోండి, కానీ ఈ పనులన్నీ అయ్యాక. మూడు కిలోవాట్లు హైదరాబాద్ ఎండకు సగటున రోజుకు పన్నెండు యూనిట్ల దగ్గర ఇస్తాయి. కేంద్రం ఇచ్చే రాయితీ మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు. పెట్టించుకున్న ఇళ్లలో "మన సొంత కరెంటే కదా" అన్న మాట వినిపించడం మొదలయ్యాక రెండో గదికి ఏసీ రావడం నేను చాలాసార్లు చూశాను. బాల్కనీ ఫ్రిజ్‌ను పోషించడానికి డాబా మీద పలకలు పెట్టడం నాకు నచ్చదు.

మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తోందని, ఆమెకు పొదుపు ఫ్యాను కొనిస్తే ఉపయోగం ఉంటుందా అని చివర్లో ఒక వాక్యం రాశారు. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన వాక్యం అది. ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు 200 వరకు ఉచితం, దాటితే మొత్తం బిల్లు కట్టాలి. కాబట్టి ఆ ఇంట్లో యూనిట్లు మిగిలితే రూపాయలు మిగలవు. కానీ రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు నెలకు ముప్ఫై యూనిట్ల పైనే మిగిలిస్తాయి. ఆ ముప్ఫైతో రేకుల ఇంట్లో వేసవి మధ్యాహ్నాలు కూలర్ నడుపుకోవచ్చు, 200 దాటుతామేమో అన్న భయం లేకుండా. మిగిలినదంతా తిరిగి వాడకంలోకే పోతుంది, అంటే పుస్తకం ప్రకారం నూటికి నూరు శాతం రీబౌండ్. అయినా సరే కొనివ్వండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే. నా 0.7, నా 60 అన్నీ మీరిచ్చిన వివరాల మీద వేసిన అంచనాలు. వాటిని మీ మీటరు మీద పరీక్షించండి. ఈ వారం ఏడు రోజులు రాత్రి పదికి ఏసీ వేసే ముందు, ఉదయం ఆరుకు ఆపగానే సెల్లార్‌లోని మీటరు దగ్గరికి వెళ్లి, తెర మీద కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని వచ్చినప్పుడు అంకె రాసుకోండి. అబ్బాయికి అప్పగించండి, ఇంటర్ భౌతికశాస్త్రం ఇదే. మూడు రాత్రులు 24 మీద, నాలుగు రాత్రులు 27 మీద. ఒక పగలు మెయిన్‌లో బాల్కనీ ఫ్రిజ్ తప్ప మిగతావన్నీ పది నిమిషాలు ఆపి, కంప్రెసర్ మోత వినిపిస్తున్నప్పుడు మీటరు మీద మిణుకుమనే ఎర్ర దీపాన్ని ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి. యూనిట్‌కు ఎన్ని మిణుకులో మీటరు మీదే రాసి ఉంటుంది. 3,200 అని ఉండి నిమిషానికి ఎనిమిది వస్తే ఆ ఫ్రిజ్ ఆ క్షణాన 150 వాట్లు లాగుతోందన్నమాట. ఆ పద్నాలుగు అంకెలు, మిణుకుల లెక్క ఇక్కడే రాయండి. నా అంచనా ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం.